కురుసుర మీద నీరెంత ఎత్తు

విశాఖపట్నం

చిరంజీవి సుధకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి కొంత తగ్గింది. పెదవాల్తేరు పిన్ని ఇచ్చిన తైలం వల్లనని ఆవిడ, మాత్రల వల్లనని నేను. నీ దగ్గర నుంచి ఫోను వచ్చి చాలా రోజులైంది. పని ఒత్తిడి కాబోలు అనుకున్నాము. ఈలోగా బుజ్జి వచ్చి, నువ్వు ఉద్యోగం మానివేశావనీ, గది తలుపులు మూసుకొని రాత్రింబవళ్లు నిలువెత్తు బొమ్మ ఒకటి వేస్తున్నావనీ ఎవరో చెప్పగా విన్నానన్నాడు. వాడి మాటల్లో సగం తీసివేయాలని నాకు తెలుసు. ఏ సగమన్నది నువ్వే చెప్పాలి.

అయితే ఈ ఉత్తరం ఉద్యోగం గురించి కాదు, బొమ్మ గురించి. వాడు ఫోనులో చూపించాడు. మన బీచి రోడ్డు మీది కురుసుర జలాంతర్గామి సముద్రం అడుగున పడి ఉంది. నౌక నడినెత్తిన నిలిచిన బురుజు చుట్టూ చేపలు, ఎక్కడో పైన వెలుతురు, నీరంతా నీలం. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విరమించి, మరుసటి ఏడు ప్రదర్శనశాలగా మారిన నౌకను పెరిగిన సముద్రం మళ్లీ తీసుకుపోయినట్లు ఊహించడం మంచి ఆలోచనే. మునగడానికే పుట్టిన నౌకను ముంచావు గనుక చూసేవారికి ఒక క్షణం భయం కలగదు, అది ఇల్లు చేరినట్లనిపిస్తుంది. నాకు పేచీ అక్కడే.

నీ నీటి ఎత్తు లెక్క చూసుకున్నావా? 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక చెబుతుంది. వేడెక్కిన నీరు వ్యాకోచించడమూ, నేల మీది మంచు కరిగి చేరడమూ అందుకు కారణాలు. భూమిని వేడెక్కించే వాయువుల విడుదల అదుపు తప్పితే 2100 నాటికి మీటరు దాకా రావచ్చు. మంచు పలకలు అనుకోని వేగంతో కూలితే రెండు మీటర్లకు చేరే అవకాశాన్ని కూడా వారు కొట్టివేయలేదు. కురుసుర పొట్ట వెడల్పే ఏడెనిమిది మీటర్లు, దాని మీద బురుజు, కింద కాంక్రీటు దిమ్మెలు. గ్రీన్‌లాండ్ మంచంతా కరిగినా సముద్రం పెరిగేది సుమారు ఏడు మీటర్లే, దానికి శతాబ్దాలు పడుతుంది. అప్పటికి ఈ ఉప్పుగాలికి ఆ ఇనుము మిగలదు. నువ్వు దాన్ని కొత్త పెయింటుతో మెరిపించావు.

బొమ్మకు లెక్కలెందుకని నువ్వంటావు. నా ఉద్యోగం తొలిరోజుల్లో, ఒక చిన్న రేవులో, అంకెలు వేసిన కొయ్య దగ్గర గంటగంటకూ నీటి మట్టం చూసి పుస్తకంలో వ్రాసేవాళ్లం. నాతో పాటు ఒక కుర్రవాడుండేవాడు, పేరు చెప్పను, ఇప్పుడు మనవలున్నవాడు. పోటు రోజుకు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుందనీ, అమావాస్యకూ పౌర్ణమికీ హెచ్చుతుందనీ, అష్టమికి తగ్గుతుందనీ తెలిశాక, రాత్రి డ్యూటీలో లేచి కొయ్య చూడటం దండగని వాడికి తోచింది. పడుకొనే ముందే తెల్లవారుజాము దాకా అంకెలు వేసి ఉంచేవాడు. వరుస ఎంత చక్కగా ఉండేదంటే, మా సూపర్వైజరు గారు మా పుస్తకాలు పక్కనబెట్టి వాడిదే మెచ్చుకొనేవారు. ఒక కార్తీక మాసంలో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి, గాలి నీటిని ఒడ్డుకు నెట్టి, రేవు మెట్లలో కింది నాలుగూ మునిగిపోయాయి. పడవలవాళ్లు రాత్రంతా తాళ్లు బిగించుకుంటూ కూర్చున్నారు. తెల్లవారి చూస్తే వాడి పుస్తకంలో అష్టమి పోటు, పంచాంగం ప్రకారం, ముత్యాల్లాంటి అక్షరాలతో! పెద్దాయన కేకలు వేయలేదు. ఆ నెలంతా వాడి పక్కనే కుర్చీ వేసుకొని, లాంతరు పట్టుకొని, ప్రతి గంటకూ వాడి చేతనే కొయ్య చదివించారు. నీ నీలం నీటిని చూస్తే నాకు ఆ పుస్తకమే గుర్తుకు వచ్చింది.

నీటిలో ఎరుపు ముందు పోతుంది, నీలం చివరిదాకా నిలుస్తుంది, ఆ మాట నిజమే. కానీ మన ఒడ్డున వానకాలపు నీరు బురద కలిసిన పచ్చన. ఇక్కడ ముందు పోయేది ఇసుక. మన తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది; ఔటర్ హార్బరు రాతికట్టలు దాన్ని ఆపితే, ఉత్తరాన ఉన్న మన బీచికి పోర్టువారు తవ్విన ఇసుక తెచ్చి పోయవలసి వస్తోంది. సముద్రం మరో అరమీటరు పెరిగిన ఒక ఆశ్వయుజంలో, 2014 హుద్‌హుద్ వంటి తుఫాను రాత్రి, ఇసుక లేక అలలు నేరుగా దిమ్మెలను కొడుతున్నట్లు వేయి. టిక్కెట్ల గది మోకాలిలోతు నీటిలో ఉండాలి. నౌక మాత్రం పొడిగా ఉండాలి. అది చూస్తే ఈ ఊరివాడికి నిద్ర పట్టదు. చెప్పకూడదనుకుంటూనే పాఠం చెప్పేశాను. బొమ్మ నీది, నీ ఇష్టం.

టర్పెంటైను వాడుతున్నావని వాసన రాకుండానే నాకు తెలుసు. కిటికీలు తెరిచి ఉంచు. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేయకు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, మూత ఉన్న రేకు డబ్బాలో వేయి. రంగు చేతులతో అన్నం తినకు. అసలు తింటున్నావా? ఉద్యోగం ఉన్నప్పుడు క్యాంటీను ఉండేది కదా, ఇప్పుడో? ఉద్యోగం ఉందో లేదో నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు.

మీ అమ్మ కందిపొడి, నువ్వుల ఉండలు కట్టింది. శనివారం బుజ్జి చేత పంపుతున్నాము. వాడిని బొమ్మ దగ్గరికి రానివ్వకు, తాకి చూసే అలవాటు. నీ ఖాతాలో కొంత సొమ్ము వేశాను. అది రంగులకు కాదు, అద్దెకు. ఈ నెలదీ వచ్చే నెలదీ కట్టు, ఆ తరువాత రెండువైపులా కిటికీలున్న గది చూసుకో.

మీ నాన్న