ఫోను మూగబోతే కబురెవరు చెప్తారు?

సంపాదకులకు,

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. అప్పుడు పెదజాలరిపేటలో మాది రేకుల ఇల్లు. ముందు రోజే పెద్దలు సముద్రం తీరు చూసి పడవలు పైకి లాగించేశారు. అధికారులూ వచ్చి ఖాళీ చేయమన్నారు. మంచం పట్టిన మా అత్తను ఎలా తీసుకెళ్తారని మాత్రం ఎవరూ అడగలేదు. కర్రకు దుప్పటి కట్టి మా మరుదులిద్దరూ మోసుకెళ్లారు. తర్వాత కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. దారికడ్డంగా పడ్డ చెట్లను మా కుర్రాళ్లే కత్తులతో నరికారు. ఒక్క రంపం మిషనుంటే పూటలో అయ్యే పని!

ఇప్పుడు ఫోనుకు తెలుగులోనే హెచ్చరికలొస్తున్నాయి, సంతోషం. టవరు ఆగిపోతేనో? గుడి మైకుకు బ్యాటరీ పెట్టి, దాన్ని మోగించే మనిషిని ముందే అనుకోవాలి. 2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖలోని ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషపు ఆవిరి కమ్మితే సైరన్ మోగలేదు కదా.

వార్డు సచివాలయం వారు నడవలేని వాళ్ల జాబితా రాసుకుని, ఒక్కొక్కరికి ఇద్దరు మోసేవాళ్ల పేర్లు పక్కనే రాయాలి. మాక్ డ్రిల్ చేస్తే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం 61 రోజుల్లో చేయండి. మగాళ్లు ఇంటిపట్టునే ఉంటారు. వేటకెళ్లాక వచ్చి ఫొటోలు దిగితే, అందులో మేమూ మేకలే కనిపిస్తాం.

- ఓ మత్స్యకార మహిళ, పెదజాలరిపేట, విశాఖపట్నం