జపాన్ మంచు ఊళ్లో సీజన్ పని: డబ్బు కట్టే ముందు వీసా సంగతి చూసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన నెల మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అక్కా, జపాన్‌లో స్కీ రిసార్ట్‌లో నాలుగు నెలల పని ఉందట, గది, భోజనం వాళ్లే ఇస్తారట, టూరిస్ట్ వీసా మీద వెళ్తే అక్కడికెళ్లాక మార్పిస్తామని ఏజెంట్ అంటున్నాడు, డబ్బు కట్టమంటావా?" అని అడిగాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. నేను టోక్యోలో చదువుకుంటూ రెండు చలికాలాలు నగానో కొండల్లో అలాంటి పనే చేశాను. వాడిలా అడగడానికి అక్క కూడా లేని పిల్లలు ఎంతమంది ఉన్నారో అని ఈ ఉత్తరం రాస్తున్నాను, దయచేసి వేయండి.

టూరిస్ట్ వీసా మీద జపాన్‌లో జీతానికి పని చేయకూడదు. పట్టుబడితే పంపించేస్తారు, మళ్లీ కొన్నేళ్లు రానివ్వరు. నిసెకో, హకుబా లాంటి స్కీ ఊళ్ల మంచులో ఫొటోలు పెట్టే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ కుర్రాళ్లలో చాలామంది వర్కింగ్ హాలిడే వీసా (తిరుగుతూ పని కూడా చేసుకోనిచ్చే వీసా) మీద వచ్చినవాళ్లు. ఆ ఏర్పాటు ఆస్ట్రేలియాతో 1980లోనే మొదలైంది, మన దేశంతో మాత్రం లేదు. వాళ్లు చేశారు కదా మనమూ చేద్దాం అంటే కుదరదు. 2019లో వచ్చిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాలో హోటల్ పనులున్నాయి, కానీ దానికి పని పరీక్షతో పాటు జపనీస్ పరీక్ష కూడా పాసవ్వాలి, పైగా అది ఒక సీజన్ కోసం ఇచ్చేది కాదు. నాలాంటి స్టూడెంట్లకైతే పర్మిషన్ తీసుకుంటే వారానికి 28 గంటలు, కాలేజీకి పెద్ద సెలవులున్నప్పుడు రోజుకి 8 గంటల దాకా చేసుకోవచ్చు. మా యూనివర్సిటీకి ఫిబ్రవరి, మార్చి సెలవులు, కొండల మీద అప్పుడు బోలెడు మంచు, అలా కుదిరింది నాకు.

రెండో ఏడు నొజావా ఒన్సెన్ అనే ఊళ్లో ఒక చిన్న సత్రంలో చేశాను. సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం దాటుతూ తేమ పట్టుకుని ఈ కొండలకి తగిలి మంచై కురుస్తుంది, వాయవ్యం గాలి మొదలైందంటే మా యజమానురాలు, ఒకామి సాన్ అంటారు, పారలన్నీ గుమ్మం లోపలికి తెచ్చి పెట్టేసేది, లేకపోతే పొద్దున్నే ముందు పారల కోసం తవ్వాలి. ఐదున్నరకి లేచేసరికి వాకిట్లో మోకాలి లోతు ఉండేది. 'మామాసాన్ డంప్' అని రెండు చేతులతో తోసే పెద్ద చేట లాంటిది ఉంటుంది, దాంతో మంచు తోసుకెళ్లి రోడ్డు పక్క నీళ్లు పారే కాలవలో వెయ్యడమే, చేతులతో ఎత్తబోయారో రెండో రోజుకే నడుము పట్టేస్తుంది. ఆ తర్వాత అతిథులకి టిఫిన్లు, గిన్నెలు, గదులు, పరుపులు మడవడం, దుప్పట్లు మార్చడం. వేడినీళ్లకీ చలికీ మధ్య నా వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి, షర్టు గుండీ పెట్టుకోవాలన్నా మండేది. పదిన్నరకి ఆపి సాయంత్రం ఐదుకి మళ్లీ మొదలుపెట్టాలి, మధ్యలో ఉన్న ఖాళీని అక్కడ 'నకానుకె' అంటారు. స్కీయింగ్ చేసుకునేది అప్పుడే. పని చేసేవాళ్లు ఇష్టపడేదీ, మోసపోయేదీ కూడా ఆ ఖాళీ దగ్గరే.

ఎందుకంటే మొదటి ఏడు వేరే ఊళ్లో నాకు అదే జరిగింది. మధ్యాహ్నం ఖాళీ అని కాగితంలో ఉంది, కానీ రోజూ గంటన్నర మంచు తీయించి దాన్ని లెక్కలో వేసేవాళ్లు కాదు. నేను మొదటి రోజు నుంచీ ఫోన్‌లో టైం రాసుకున్నాను కాబట్టి, పనిలో చేరేటప్పుడు ఇచ్చిన షరతుల కాగితం పక్కన పెట్టి చూపించి అడిగితే తర్వాతి జీతంలో కలిపారు. ఇవ్వకపోతే లేబర్ స్టాండర్డ్స్ ఆఫీసుకి వెళ్లేదాన్ని, అక్కడ ఫిర్యాదుకి ఫీజు లేదు, కార్మిక చట్టం విదేశీయులకీ వర్తిస్తుంది. జీతం, పని గంటలు రాసిన కాగితం ఇవ్వడం యజమాని బాధ్యత. నగానోలో 2024 అక్టోబరులో కనీస వేతనం గంటకి 998 యెన్లు అయింది, అది ఏటా మారుతుంది, గది అద్దె, భోజనం కింద ఎంత కోస్తారో కూడా ఆ కాగితంలో చూసుకోవాలి. ఇంకొకటి, పైకప్పు మీద మంచు దించడానికి ఎక్కమంటే ఎక్కకండి. జపాన్‌లో ప్రతి చలికాలం అలా జారిపడీ, మంచు కింద కూరుకుపోయీ మనుషులు చనిపోతున్నారు.

ఇంత చెప్పానని ఆ ఊరి మీద నాకు కోపం ఉందనుకోవద్దు. నొజావాలో 13 స్నానశాలలున్నాయి, వేడినీటి ఊటల నీళ్లే, ఊరివాళ్లే వంతులేసుకుని శుభ్రం చేసుకుంటారు, టికెట్టు లేదు, గోడకి హుండీ ఉంటుంది. ఒంటి మీద బట్టల్లేకుండా పదిమంది ఆడవాళ్ల మధ్య స్నానం అంటే మొదటి వారం వెళ్లలేకపోయాను. ఒకరోజు రాత్రి నా చేతులు చూసి ఒకామి సాన్ తువ్వాలు ఇచ్చి తనే తీసుకెళ్లింది. ముందు పక్కన కూర్చుని ఒళ్లంతా కడుక్కోవాలి, ఆ తర్వాతే తొట్టిలో దిగాలి, నీళ్లు కాలిపోతుంటే అక్కడున్న ముసలావిడని అడిగి చన్నీళ్ల కుళాయి తిప్పింది. బయటికొచ్చి మంచులో నడుస్తుంటే చలే తెలియలేదు. ఆ రాత్రి నుంచి సీజన్ అయ్యేదాకా ఒక్కరోజు మానలేదు.

మా తమ్ముడు డబ్బు కట్టలేదు, జపనీస్ క్లాసులో చేరాడు. మిమ్మల్ని నేను కోరేది ఒక్కటే: విదేశాల్లో సీజన్ పనులున్నాయని మీ పేపరుకి ప్రకటన వస్తే, ఏ వీసా మీద పంపుతారో అందులో రాయమని అడగండి, రాయకపోతే వేయకండి.

ఇట్లు,
టోక్యో నుంచి ఒక తెలుగు విద్యార్థిని