టర్బైన్ టెస్టింగ్ బుకింగ్‌లు: ముందు లోడ్ సంగతి తేలాలి

మా టెస్ట్ బెంచ్ మీద టర్బైన్లు పరీక్షించుకునే మీ అందరికీ నమస్కారం. ఈ మధ్య తేదీలు ఎందుకు వెనక్కి పోతున్నాయని చాలామంది అడుగుతున్నారు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. టర్బైన్‌ని తిప్పడం దగ్గర మాకు ఇబ్బంది లేదు. అది పుట్టించే శక్తిని దిగమింగే బ్రేకు దగ్గరే పని ఆగుతోంది.

షాఫ్ట్ మీదికి వచ్చే శక్తిని ఏదో ఒకటి తీసుకుంటూ ఉండాలి. లేకపోతే టార్క్ (షాఫ్ట్‌ని తిప్పే బలం) కొలవడం మాట అటుంచి, వేగమే చేయి దాటిపోతుంది. లోడ్, అంటే షాఫ్ట్ మీద బ్రేకు పెట్టే భారం, ఒక్కసారిగా ఊడితే పెల్టన్ రకం నీటి టర్బైన్ మామూలు వేగానికి దాదాపు 1.8 రెట్ల దాకా వెళ్తుంది. కప్లాన్ రకమైతే అంతకన్నా ఎక్కువే. అందుకే వేగం హద్దు దాటితే టర్బైన్‌ని ఆపేసే ఓవర్‌స్పీడ్ ట్రిప్ పనిచేస్తోందని చూసుకోకుండా ఏ టెస్టూ మొదలుపెట్టం, ఎంత అర్జెంటైనా సరే.

ఎక్కువ పని వాటర్ బ్రేక్ మీదే నడుస్తుంది. 1877లో విలియం ఫ్రూడ్ ఓడ ఇంజిన్ల కోసం తెచ్చిన పద్ధతి ఇది. రోటర్ లోపలి నీటిని చిలుకుతుంది, శక్తి వేడిగా మారుతుంది. ఊగేలా బిగించిన కేసింగ్ (బయటి తొడుగు) కూడా తిరగబోతుంది, దానికున్న కడ్డీ వెళ్లి బలాన్ని కొలిచే లోడ్ సెల్‌ని నొక్కుతుంది. నిమిషానికి 3,000 చుట్ల దగ్గర 50 కిలోవాట్లు వస్తే, అర మీటరు కడ్డీ చివర సుమారు 32 కిలోల బరువు పడుతుంది. అదే శక్తి 30,000 చుట్ల దగ్గర వస్తే మూడు కిలోలే! అప్పుడు బేరింగు రాపిడి, నీళ్ల గొట్టం లాగుడు కూడా రీడింగ్‌ని మార్చేస్తాయి. ఇలాంటి టెస్టులకు ముందూ తర్వాతా తూకపు రాళ్లు వేలాడదీసి సరిచూస్తాం. ఆలస్యంలో కొంత భాగం ఇదే, దీన్ని తగ్గించే ఉద్దేశం నాకు లేదు.

ఇక వేడి. 50 కిలోవాట్లను మింగుతూ నీటి వేడిని 30 డిగ్రీలకు మించి పెరగనివ్వకూడదంటే నిమిషానికి 24 లీటర్లు పారాలి. వచ్చే నీరే వెచ్చగా ఉంటే బయటికొచ్చేది 60 డిగ్రీలు దాటుతుంది, అక్కడ మేం ఆపేస్తాం. కొత్త కూలింగ్ టవర్ బిగించేదాకా 50 కిలోవాట్లు దాటిన వాటికి గంటల తరబడి నడిపే పరీక్షలు ఒప్పుకోలేం. చిన్న రన్‌లు చేస్తాం.

నెమ్మదిగా తిరిగే టర్బైన్లవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. వేగం సగమైతే వాటర్ బ్రేక్ తీసుకోగల శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 3,000 చుట్ల దగ్గర 50 కిలోవాట్లు తీసుకునే బ్రేకు 1,500 దగ్గర ఆరు కిలోవాట్ల పైచిలుకే తీసుకోగలదు. అలాంటివాటిని ఎడ్డీ కరెంట్ బ్రేక్ (అయస్కాంత బలంతో అడ్డుపడేది) మీద పెడతాం. కాయిల్ కరెంటు మార్చితే లోడ్ మారుతుంది కాబట్టి వేగాన్ని ఒక చోట నిలపడం తేలిక. కానీ షాఫ్ట్ ఆగి ఉంటే దానికి పట్టు ఉండదు. స్టార్టింగ్ టార్క్ (ఆగి ఉన్న షాఫ్ట్ మీద పడే టార్క్) కావాలంటే ముందే చెప్పండి, షాఫ్ట్‌ని కడ్డీతో బిగించి విడిగా కొలుస్తాం.

“బ్రేకు బదులు జనరేటర్ తగిలించి హీటర్లు పెడితే సరిపోదా” అని అడిగేవాళ్లున్నారు. మొత్తం సెట్టు పనితీరు కావాలంటే అది సరైన పద్ధతే. కానీ అందులో జనరేటర్ నష్టం కలిసి ఉంటుంది, అది లోడ్‌ని బట్టి మారుతుంది. ఆ అంకెను టర్బైన్ సామర్థ్యం అని రిపోర్టులో రాసి నేను సంతకం పెట్టను. మీరు ఆ రిపోర్టును నమ్మి డిజైన్ మారుస్తారు కదా.

ఇకపై బుకింగ్‌తో పాటు వేగం ఎంత నుంచి ఎంత దాకా, ఏ వేగం దగ్గర ఎంత టార్క్ అనుకుంటున్నారు, షాఫ్ట్ చివర కొలతలు, ఎంతసేపు నడపాలి అన్నవి పంపండి. అవి చూశాకే బ్రేకు, తేదీ ఖాయం చేస్తాం. మా బ్రేకులకు సరిపడకపోతే అడ్వాన్స్ తీసుకోకుండా ఆ మాటే చెప్పేస్తాం. ఇప్పటికే తేదీ ఇచ్చినవాళ్లకు మార్పు లేదు, కొలతలు మాత్రం ఒకసారి పంపించండి.