ఎగ్స్ పెంచే పొడి ప్రకటన గురించి

ఎడిటర్ గారికి నమస్కారం. పోయిన ఆదివారం మీ పేపర్లో ఒక ప్రకటన చూశానండీ, మూడు నెలలు ఆ పొడి పాలల్లో కలుపుకుని తాగితే ఆడవాళ్ళ ఓవరీలో (అండాశయంలో) కొత్త ఎగ్స్, అంటే అండాలు, తయారవుతాయట. నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను, నా స్టూడెంట్ ఎవరైనా పరీక్షలో ఇది రాస్తే సున్నా వేస్తాను.

ఆడపిల్ల ఎగ్స్ తయారయ్యేది వాళ్ళమ్మ కడుపులో ఉన్నప్పుడే. పిండానికి మూడు నాలుగు వారాలప్పుడు వీటికి మూలమైన కణాలు పిండానికి అంటుకుని ఉండే పచ్చసొన సంచి గోడలో కనిపిస్తాయి, అక్కణ్ణించి మెల్లగా కదులుకుంటూ ఓవరీ ఏర్పడే చోటికి చేరి తెగ పెరిగి ఐదో నెలకల్లా 60, 70 లక్షలవుతాయి, అంతే, ఇక అక్కణ్ణించి తగ్గడమే. పుట్టేసరికి 10 నుంచి 20 లక్షలు, పెద్దమనిషయ్యేసరికి 3, 4 లక్షలు మిగుల్తాయి, జీవితం మొత్తంలో విడుదలయ్యేవి చూస్తే ఏ 400, 500. మిగతావన్నీ వాటంతటవే పోతాయి, గర్భం రాకుండా పిల్స్ వాడినా కడుపుతో ఉన్నా ఆ తగ్గడం ఆగదు.

ఇంకో సంగతి, క్షయకరణ విభజన, అంటే ఎగ్‌లో క్రోమోజోముల సంఖ్య సగమయ్యే విభజన, కూడా తల్లి కడుపులోనే మొదలై సగంలో ఆగిపోతుంది, మళ్ళీ కదిలేది ఆ ఎగ్ విడుదలయ్యే ముందే, పూర్తయ్యేది వీర్యకణం లోపలికి వెళ్తేనే. అంటే 38 ఏళ్ళ ఆవిడ ఎగ్ 38 ఏళ్ళ పైనే అలా ఆగి ఉందన్నమాట, ఈలోగా క్రోమోజోముల్ని పట్టి ఉంచే ప్రోటీన్లు బలహీనపడి అవి సరిగ్గా విడిపోకపోవచ్చు, తల్లి వయసు పెరిగేకొద్దీ బిడ్డకి ఒక క్రోమోజోము ఎక్కువై వచ్చే డౌన్ సిండ్రోమ్ రిస్క్ పెరగడానికి ఇదో ముఖ్య కారణం. 2004లో అమెరికాలో టిల్లీ అనే శాస్త్రవేత్త బృందం ఎలుకల్లో పుట్టాక కూడా కొత్త ఎగ్స్ వస్తాయని చెప్పి పెద్ద గొడవే లేపింది లెండి, కానీ అందులోంచి ఏ పొడీ పుట్టలేదు.

రక్తంలో ఏఎంహెచ్ అనే హార్మోన్ కొలిచే టెస్ట్‌లో తక్కువ వచ్చిందని అమ్మాయిలు ఏడుస్తున్నారు, అత్తగార్లేమో నువ్వేం తిన్నావు, ఉద్యోగమని లేట్ చేశావు అని సాధిస్తున్నారు. ఆ టెస్ట్ చెప్పేది సుమారుగా ఎన్ని మిగిలాయన్నదే, క్వాలిటీ కాదు, తక్కువ ఉన్నా మామూలుగానే గర్భం వచ్చినవాళ్ళు బోలెడుమంది. ఇలాంటివాళ్ళే ఆ పొడి కొనేది, అదే నా బాధ.

ప్రకటన ఆపడం మీ చేతుల్లో లేదంటారేమో, కనీసం అదే పేజీలో ఒక గైనకాలజిస్ట్‌తో అరపేజీ రాయించండి సార్, ఆ ప్రకటన ఎంత సైజులో వేశారో అంత సైజులో.

ఇట్లు,
ఒక జువాలజీ లెక్చరర్, గుంటూరు