పిల్లల సైకిళ్లకు ఇంత లావు టైర్లెందుకు?

సంపాదకులకు,

బళ్లు తెరిచే వేళకి విజయనగరం సైకిల్ షాపుల ముందు 26×4 టైర్ల (చక్రం 26, టైరు లావు 4 అంగుళాలు) సైకిళ్లు బారులు తీరుతున్నాయి. పిల్లలు వాటినే పట్టుకుని వదలరు. ఇసుకలో, మంచులో దిగబడకుండా పోవడానికి చేసిన టైర్లవి. గంటస్తంభం దగ్గర రద్దీలో పది అడుగులకోసారి ఆగి మళ్లీ తొక్కే పిల్లకి వాటితో పనేమిటి?

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడుందో కూడా చూడాలి. ఫ్రేములోని కిలో ముందుకు కదిలితే చాలు. టైరులోని కిలో ముందుకీ కదలాలి, గుండ్రంగానూ తిరగాలి. అందుకే ఆగినచోటి నుంచి వేగం అందుకునేటప్పుడు అది దాదాపు రెండు కిలోల పెట్టు. చక్రం నడిమధ్య ఉండే హబ్బులోని బరువుకి ఈ లెక్క లేదు. అలాగని మరీ ఎక్కువ ఊహించుకోవద్దు. మనిషి 50, సైకిల్ 18 కిలోలైతే, టైర్లలో రెండు కిలోలు తగ్గినా బయల్దేరేటప్పుడు కలిసొచ్చేది నూటికి ఐదారు పాళ్లు. ఎత్తుబ్రిడ్జి ఎక్కేటప్పుడు ఆ రెండు కిలోలు రెండు కిలోలే. చదునులో ఒకే వేగంతో పోతుంటే ఆ తేడా తెలియదు, అక్కడ వెనక్కి లాగేవి టైరు గుబ్బలూ చాలీచాలని గాలీ.

ఇంట్లో ఉన్న సైకిల్ బరువుగా పోతోందంటే మొదట ముందు చక్రాన్ని పైకెత్తి మెల్లగా తిప్పి వదలండి. ఆగేముందు వాల్వు బరువుకి గడియారం లోలకంలా అటూఇటూ ఊగాలి. ఊగకుండా టక్కున ఆగిందా, హబ్బులో బాల్సుని పట్టి ఉంచే కోన్లు బిగుసుకున్నట్టు, లేదా గ్రీజు ఎండినట్టు. తిరిగిన ప్రతిసారీ ఒక్కచోటే సర్రుమంటే రిమ్ము బెండయి బ్రేకు రబ్బరుకి తగులుతోంది. బెండు తీయిస్తే సరి.

తర్వాత గాలి. 26×1.95 టైరుకి బడిపిల్లలైతే ముందు 35, వెనక 40 పీఎస్‌ఐ చాలు. టైరు పక్కన రాసిన గరిష్ఠం దాటొద్దు. ట్యూబుకి పక్కపక్కన రెండు చిల్లులు పడ్డాయంటే అది మేకు పని కాదు. గాలి తక్కువై, గోతిలో పడ్డప్పుడు రిమ్ము ట్యూబుని నొక్కేసింది. పాతరకం వాల్వయితే లోపలి వాల్‌ట్యూబు రబ్బరు చీకిందేమో చూడండి, గాలి రాత్రికి రాత్రే దిగిపోతుంది.

ఈ 26×1.95 గుబ్బల టైరు అరిగాక నున్నటి 26×1.5 వేయించండి. కొత్త సైకిల్ కొనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: 26×1⅜ కూడా 26 అనే అమ్ముతారు, అది ఈ రిమ్ముకి ఎక్కదు. టైరు మీద 559 (టైరు కూర్చునే రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో) ఉందో లేదో చూసుకోవాలి. 1⅜ టైరైతే 590 ఉంటుంది.

ప్రతి బడి సైకిల్ స్టాండులోనూ గేజీ ఉన్న పంపు ఒకటి పెట్టించమని జిల్లా విద్యాశాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

— సైకిల్ పని తెలిసిన కొందరు పాఠకులు, కంటోన్మెంట్, విజయనగరం