హైదరాబాద్ నిరుద్యోగం లెక్క విడిగా కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

నిరుద్యోగ రేటు తగ్గిందని ఒక నెల, పెరిగిందని ఒక నెల వార్తలు చదువుతున్నాం. ఇవన్నీ కేంద్రం చేయించే పీఎల్‌ఎఫ్‌ఎస్ (పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే) అంకెలు. ఆ నెలవారీ లెక్కలో, గడిచిన ఏడు రోజుల్లో ఏ ఒక్కరోజైనా గంటసేపు పని దొరికితే చాలు, ఆ మనిషి నిరుద్యోగి కాడు. చాలా దేశాల్లో వాడే కొలతే కాబట్టి దాన్ని తప్పుపట్టను. కాకపోతే ఆ కొలతతో హైదరాబాద్‌ను చూస్తే ఖాళీగా ఉన్నవాళ్లు పెద్దగా కనబడరు. గదికి అద్దె, మెస్‌కు డబ్బు కట్టాలంటే ఏదో ఒక పని చేయక తప్పదు కదా!

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల చూడండి. పగలు కోర్సు, సాయంత్రం నుంచి రాత్రి దాకా బైక్ మీద ఫుడ్ డెలివరీ. బీటెక్ పాసైన పిల్లలే వీళ్లు. సర్వే దృష్టిలో వీళ్లకు ఉపాధి ఉంది. క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ చేతికొచ్చినా జాయినింగ్ డేట్ రాక ఎదురుచూసేవాళ్లు మరికొందరు. ఆ టెన్షన్‌లోనే కన్సల్టెన్సీలకు లక్షలు కట్టడం, వాళ్లు బోర్డు తిప్పేశాక పోలీస్ స్టేషన్ మెట్లెక్కడం మాదాపూర్‌లో మామూలైపోయింది. సమస్య ఫ్రెషర్లతోనే ఆగలేదు. 2025 జులైలో టీసీఎస్ 12 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గిస్తామంది. అందులో ఎక్కువమంది మధ్య, పై స్థాయి వాళ్లేనని కూడా చెప్పింది. ఫ్లాట్ ఈఎంఐ, పిల్లల స్కూల్ ఫీజులు నెత్తిన ఉన్న వయసు అది.

మా చిక్కడపల్లి, అశోక్‌నగర్ వైపు కథ వేరు. ఇక్కడ సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు ఎవర్ని అడిగినా ‘ప్రిపేర్ అవుతున్నా’ అంటారు. సర్వే వాళ్లు దాన్ని చదువు కింద రాసుకుంటే ఆ కుర్రాడు కార్మిక శక్తిలోనే (పని చేసేవాళ్లు, పని వెతికేవాళ్ల లెక్కలోనే) ఉండడు, ఇక నిరుద్యోగి ఎలా అవుతాడు? గ్రూప్-1నే తీసుకోండి. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెడితే సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, అక్టోబరులో మెయిన్స్. 2022 డిసెంబరులో ప్రకటించిన గ్రూప్-2 పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. ఇన్నాళ్లూ ఊళ్లో అమ్మానాన్నలు పంపిన డబ్బుతో హాస్టల్‌లో కూర్చున్నవాళ్ల వయసు ఏ పట్టికలోకి ఎక్కింది?

ఇదే సర్వే 2023–24 వార్షిక నివేదిక ప్రకారం దేశం మొత్తమ్మీద నిరుద్యోగం 3.2 శాతం. అదే నివేదికలో పట్టణాల్లోని 15–29 ఏళ్ల వాళ్లకు 14.7 శాతం. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చేది మాత్రం మొదటిదే. మీ పత్రికకూ ఈ మాట వర్తిస్తుంది, ఏమీ అనుకోకండి.

సర్వే నెలవారీ బులెటిన్ దేశానికి, మూడు నెలలకోసారి వచ్చేది రాష్ట్రాలకు. నగరానికి విడిగా అంకె అందులో ఉండదు. 2025 జనవరి నుంచి సర్వే చేసే ఇళ్ల శాంపిల్‌ను జిల్లా ఆధారంగా తీస్తున్నారు. దానికి రాష్ట్రం తన ఖర్చుతో మరికొన్ని ఇళ్లు కలిపితే హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి, సంగారెడ్డి జిల్లాల పట్టణ ప్రాంతానికి ఒక లెక్క తేల్చవచ్చు. అందులో రేటు ఒక్కటే ఇస్తే సరిపోదు. వారానికి ఎన్ని గంటల పని దొరుకుతోంది, డిగ్రీ చదివినవాళ్లు ఏ పనిలో ఉన్నారు, పరీక్షలకు ఎన్నేళ్లుగా చదువుతున్నారు అన్నవి కూడా ఉండాలి. 2024 ఆగస్టులో జాబ్ క్యాలెండర్‌ను అసెంబ్లీలో పెట్టిన ప్రభుత్వం ఈ లెక్కనూ మూడు నెలలకోసారి ప్రకటించాలి. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో కనీసం ఎప్పుడు మొదలుపెడతారో చెప్పాలి.

– ఒక రిటైర్డ్ లెక్చరర్, చిక్కడపల్లి, హైదరాబాద్