స్లైడ్ ట్రేలో 19 రోజులు

నల్లగొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

మొన్న ఫోన్లో "ఈ ర్యాంకుకు పీజీలో పాథాలజీ వచ్చేటట్టుంది నాన్నా, తీసుకోనా, ఇంకో ఏడాది కూర్చోనా?" అని నువ్వు అడిగితే, నేను "ఇగో అమ్మ మాట్లాడుతుందట" అని ఫోన్ మీ అమ్మ చేతిలో పెట్టాను. నీకు కోపం వచ్చే ఉంటుంది. ఒంట్లోంచి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి రోగమేదో తేల్చే ఆ ల్యాబులోనే ఇరవై ఏడేళ్లు టెక్నీషియన్‌గా బతికిన మనిషి, కూతురు దాని గురించి అడిగితే నోరు విప్పకపోవడం ఏంటని. మొదలుపెడితే ఒక సంగతి చెప్పాల్సి వస్తుంది. అది మీ అమ్మ వింటుండగా ఫోన్లో చెప్పేది కాదు. అందుకే కాగితం తీసుకున్నాను.

మీ అత్తమ్మ, అదే మా అక్క సంగతి. 2019, పత్తి ఏరే రోజులు. నువ్వు మహబూబ్‌నగర్‌లో సెకండియర్. సరిగ్గా పాథాలజీ చదివే ఏడాది. అత్తమ్మకు కుడి రొమ్ములో గడ్డ తగిలి అప్పటికే నాలుగు నెలలు. నొప్పి లేదు కదా అని, పత్తి అయిపోనీ అని ఎవరికీ చెప్పలేదు. దేవరకొండ పక్క పల్లెలో ఆ మాట ఆడవాళ్ల మధ్య కూడా అంత తేలిగ్గా బయటికి రాదు. చివరికి ఆశా కార్యకర్తే చెయ్యి పట్టుకుని దవాఖానకు తీసుకొచ్చింది.

అక్కడి నుంచి లెక్క పెట్టు. స్కానింగ్ చేసే డాక్టరు వారానికోసారి వచ్చేవారు. వచ్చిన రోజు గర్భిణులకే పొద్దు చాలేది కాదు. అత్తమ్మ వంతు 26 రోజులకు వచ్చింది. మిషన్ ఉంది, కరెంటు ఉంది, పైన గుడ్డ కప్పి ఉంది. ఎక్స్‌రే అయితే టెక్నీషియన్ తీసేస్తాడు. అల్ట్రాసౌండ్ అట్లా కాదు, 1994 చట్టం ప్రకారం అర్హత ఉన్న డాక్టరే చెయ్యాలి. లింగ నిర్ధారణ ఆపడానికి వచ్చిన చట్టం అది, తప్పు పట్టను. ఆ డాక్టరు దొరకకపోతే మాత్రం రొమ్ము గడ్డ కూడా అదే వరుసలో నిలబడాలి. స్కానింగ్ అయ్యాక సూదితో ముక్క తియ్యడానికి ఇంకో 13 రోజులు.

ఆ ముక్క, చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ మందు డబ్బాలో నా టేబుల్ మీదికే వచ్చింది. చీటీ మీద పేరు, వయసు 52, ఊరు. చీటీ నేనే చదివాను, రిజిస్టర్లో నెంబరు నేనే వేశాను. దారప్పోగుల్లాంటి నాలుగు ముక్కలు. వాటిని ఆల్కహాల్లో, జైలీన్లో నడిపించి, మైనంలో పోసి బ్లాకు కట్టి, పల్చగా కోసే మైక్రోటోమ్ మిషన్ మీద పెట్టి నాలుగు మైక్రాన్ల మందాన కోశాను. ఆ కోత గోరువెచ్చని నీళ్ల మీద వదిలితే పాల మీద మీగడ తేలినట్టు తేలుతుంది. ముడత పడకుండా గాజు పలక మీదికి ఎత్తుకోవాలి. వేల సార్లు చేసిన పని. ఆ రోజు రెండుసార్లు ముడత పడింది.

నాలుగో రోజుకు స్లైడ్ తయారైంది. రంగు సరిగ్గా పట్టిందా లేదా అని ఒకసారి చూసి ట్రేలో పెట్టడం మా పని. అందుకే కన్ను పెట్టాను. నీ చిన్నప్పుడు నీకు చూపించాను గుర్తుందా, మంచి రొమ్ములో గ్రంథులు ద్రాక్షగుత్తుల్లా, ఎవరి హద్దులో వాళ్లు ఉంటారు. ఇక్కడ దొడ్డి కంచె తెగి మేకలు పక్క చేలో పడ్డట్టు, కణాలు వరుసలు వరుసలుగా కొవ్వులోకి చొరబడి ఉన్నాయి. నీలం కేంద్రకాలు ఉబ్బి, ఒకదానికి ఒకటి పోలిక లేదు.

నాకు తెలిసిపోయింది బిడ్డా. తెలిసినా నా మాట రిపోర్టు కాదు, కాకూడదు కూడా. మామూలు గ్రంథులే గట్టిపడి, నలిగి, అచ్చం క్యాన్సర్ లాగే కనబడే జబ్బు ఉంది. స్క్లీరోసింగ్ అడినోసిస్, నీ పుస్తకంలో ఉంటుంది. నా సర్వీసులో రెండుసార్లు నేను మనసులో "ఇది అదే" అనుకుంటే మా పాథాలజిస్టు సారు చూసి "కాదు" అన్నారు. ఆ రెండూ తలుచుకుని, మూడోసారి కూడా నేనే తప్పు కావాలని ఎదురుచూశాను.

సారు రావాలి కదా. మా దగ్గర పాథాలజిస్టు పోస్టులు రెండు. ఒకటి ఏళ్లుగా ఖాళీ. రెండో పోస్టులో ఉన్న సారును డెప్యుటేషన్ మీద వేరే మెడికల్ కాలేజీలో వేశారు, వారానికో రోజు వచ్చి పేరుకుపోయినవి చూసి వెళ్లేవారు. ఒక వారం కాలేజీలో తనిఖీ ఉందని రాలేదు. ఇంకో వారం పరీక్షలు. ఆయన్ను అనడానికి లేదు, ఒక మనిషిని రెండు కుర్చీల్లో రాసుకున్నారు.

19 రోజులు. రోజూ పొద్దున ల్యాబు తాళం తీసి ముందు ఆ ట్రే వైపే చూసేవాణ్ని. రోజు విడిచి రోజు అత్తమ్మ ఫోన్.

"తమ్మీ, రిపోర్టు వచ్చిందా?"

"ఇంకా రాలేదక్కా, సారు చూడాలె."

"రానీ తియ్యి, నువ్వున్నవు గద. నాకేం భయం."

అప్పుడే నువ్వు కూడా ఫోన్ చేసి "నాన్నా, డక్టల్ కార్సినోమా స్లైడ్ ఎట్లా గుర్తుపట్టాలి?" అని అడిగావు. అదీ రొమ్ము క్యాన్సర్ రకమే కదా, పుస్తకం చూసుకొమ్మని కసురుకున్నాను. నువ్వు మర్చిపోయి ఉంటావు.

స్లైడ్ జేబులో వేసుకుని హైదరాబాద్ పోయి ఎవరికైనా చూపించుకుని రావచ్చు కదా అని నువ్వంటావు. నేనూ అనుకున్నాను. ఒక రోజు బస్టాండు దాకా పోయి వెనక్కి వచ్చాను. ఆ ట్రేలో ఇంకా 43 స్లైడ్లు ఉన్నాయి. వాళ్ల తమ్ముళ్లెవరూ ల్యాబులో పనిచెయ్యరు. మా అక్కది ఒక్కటి పట్టుకుపోవడం న్యాయం కాదనిపించింది. న్యాయమో, లేక ఆ మాట ముందుగా వినాల్సి వస్తుందన్న భయమో, ఈ రోజుకీ తేల్చుకోలేదు.

19వ రోజు సారు వచ్చారు. అత్తమ్మ స్లైడ్ పెట్టి చూసి, సైజు పెద్దది చేసి ఇంకోసారి చూసి, రాసి, సంతకం పెట్టారు. రెండు నిమిషాలు పట్టింది.

మొత్తం 62 రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రొమ్ము క్యాన్సర్‌కు ఒక లక్ష్యం పెట్టింది. మనిషి దవాఖాన గడప తొక్కిన 60 రోజుల లోపల రోగమేదో తేలిపోవాలని. అది చదివిన రోజు ఈ లెక్క వేసుకున్నాను. రెండు రోజులే ఎక్కువ కదా అనుకోకు, ఈఆర్, పీఆర్, హెర్‌టూ పరీక్షలకు బ్లాకు హైదరాబాద్ పోయి వచ్చిన రోజులు ఇందులో లేవు. అవి లేకుండా ఏ మందు పనిచేస్తుందో తేలదని నీకు చెప్పక్కర్లేదు. ఆపరేషన్ అయ్యాక చంకలో మూడు లింఫ్ గ్రంథులకు పాకినట్టు వచ్చింది. ఆ 19 రోజుల్లోనే పాకిందని నేననను. అంతకుముందు దాచుకున్న నాలుగు నెలలూ ఉన్నాయి. అది ఎవరూ చెప్పలేరు.

తర్వాతి సంగతి నీకు తెలిసిందే. రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఉన్న మన ఎం.ఎన్.జె. క్యాన్సర్ దవాఖానలో రేడియేషన్. వారానికి ఐదు రోజులు, వారాల తరబడి. దేవరకొండ నుంచి రోజూ పోయి వచ్చేది కాదు గనుక మలక్‌పేటలో గది తీసుకుంటిమి. పొద్దున్నే మెట్రో ఎక్కి లకిడీకాపూల్‌లో దిగడం అత్తమ్మకు భలే నచ్చేది, "రోగం పుణ్యాన రైలెక్కిన" అనేది. వైద్యం ఖర్చు ఆరోగ్యశ్రీ పెట్టింది. గది కిరాయి, కూలి పోయిన రోజులు ఏ కార్డూ పెట్టదు.

అక్కడ మిషన్ దగ్గర కూర్చుని ఒకటి తెలుసుకున్నాను. ఆ రేడియేషన్ మిషన్ నడవాలంటే డాక్టరు ఒక్కరే చాలదు, మెడికల్ ఫిజిసిస్టు అని ఒకరుండాలి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ఆపైన రేడియాలజికల్ ఫిజిక్స్‌లో డిప్లొమా చేసినవాళ్లు. మన వీధిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పుకుంటున్న పిల్లాడికి అట్లాంటి ఉద్యోగం ఒకటుందనే తెలియదు.

ఇప్పుడు మన పక్క కాలేజీలకు తక్కువ లేదు. 2016లో మహబూబ్‌నగర్, 2019లో నల్లగొండ, సూర్యాపేట, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్, 2024లో గద్వాల, నారాయణపేట. మంచిదే, లేకపోతే నువ్వు డాక్టరమ్మవు అయ్యేదానివే కాదు. బిల్డింగు రెండేళ్లలో లేస్తుంది. పాథాలజిస్టు తయారవ్వాలంటే ఎంబీబీఎస్ ఐదున్నర, ఎండీ మూడు, ఎనిమిదిన్నరేళ్లు. క్యాన్సర్ మందుల డాక్టరు కావాలంటే డీఎం ఇంకో మూడు. ప్రతి కాలేజీకీ సెకండియర్ పిల్లలకు చెప్పేందుకు పాథాలజీ వాళ్లు కావాలి. మంది అంతే, కుర్చీలు పెరిగాయి. 2025 కేంద్ర బడ్జెట్లో ప్రతి జిల్లా దవాఖానలో క్యాన్సర్ డే కేర్ సెంటర్ పెడతామన్నారు. కీమో ఊరి దగ్గరే అయితే సగం బాధ తప్పుతుంది. కానీ సెలైన్ ఎక్కించే ముందు ఎవరో ఒకరు స్లైడ్ చూసి సంతకం పెట్టి ఉండాలి కదా.

ఇక నీ సంగతి. మీ అమ్మకు రేడియాలజీ కావాలి. మీ మామయ్య అప్పుడే స్కానింగ్ సెంటర్ షట్టరుకు అడ్వాన్స్ ఎంతో లెక్క కట్టాడు. నీ ర్యాంకుకు అది రాదు. అది వచ్చినవాళ్లు కూడా సర్కారు దవాఖాన వదిలి ఎందుకు పోతారో, ఎక్కడికి పోతారో నీకు తెలుసు, నేను తప్పనను. పాథాలజీ తీసుకుంటే చుట్టాలు "పేషెంట్లను చూడని డాక్టరా" అంటారు. నిజమే, పండుగకు ఎవరూ పండ్లబుట్ట తెచ్చి దండం పెట్టరు. మా సారు ఎదురుపడితే అత్తమ్మ గుర్తుపట్టదు. ఆ కాగితం మీద సంతకమే ఆమె చూసింది.

తీసుకో అని నేను రాయడం లేదు. నేను 27 ఏళ్లు ఎదురుచూసిన కుర్చీలో నిన్ను కూర్చోబెట్టుకోవాలన్న ఆశ నాలో ఉందని నాకు తెలుసు. అందుకే నా మాటను కొంచెం అనుమానంతోనే చదువు. ఒక్కటి చెయ్యి. వెబ్ ఆప్షన్లు మూసే ముందు రెండు రోజులు వచ్చి మా ల్యాబులో కూర్చో. ఆ ఫార్మలిన్ వాసన, పూటంతా వంగిన మెడ నువ్వు పడగలవో లేదో చూసుకో. వద్దనిపిస్తే ఇంకో ఏడాది కూర్చో, ఫీజు సంగతి నేను చూసుకుంటాను.

బత్తాయిలు కార్గోలో వేశాను, ఎల్బీనగర్‌లో తీసుకో. కింద ఉన్నవి ముందు తిను, మెత్తబడ్డాయి.

అత్తమ్మ బాగానే ఉంది. కుడి చెయ్యి వాపు ఈ చలికి కాస్త ఎక్కువైంది, మాత్రలు మానలేదు. ఆ 19 రోజులూ నాకు తెలిసే ఉన్నానని ఆమెకు ఇప్పటిదాకా చెప్పలేదు. సంక్రాంతికి వస్తానంది. నువ్వూ ఇంట్లో ఉంటే ఆ రోజు చెప్తాను, ఒక్కణ్నే చెప్పలేను.

మీ నాన్న